ఆవిరి పట్టిన కళ్లద్దాలు

నాచారంలో రెయిన్‌కోట్లు కుట్టించే అక్కకు, ధర చెప్పే ముందు కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని నా ముఖంలోకి సూటిగా చూడటం అలవాటు. ఆ తుడుపుకే నా బేరం సగం నీరుగారేది.

ఆరోజు కొత్త కోటును నోటికి ఆనించి ఊదాను.

"గాలే పోతలేదక్కా. తొడుక్కున్నోళ్లు చెమటకు ఉడికిపోతరు. మా ఉప్పల్ షాపుకు ఈ సరుకు వద్దు."

నేను వద్దంటే ఆమె మిషన్లు ఆగిపోతాయి.

"గాలి వేరు, ఆవిరి వేరు తమ్మి. నీటిచుక్క పట్టనంత సన్న సందులు, ఆవిరి మాత్రం పోతదని బట్ట అమ్మినాయన చెప్పిండు. నేనూ ఇంకా సూడలే."

కోటు కుట్టగా మిగిలిన బట్ట ముక్కను దొన్నెలా పట్టి నీళ్లు పోసింది. చుక్క దిగలేదు. దాన్ని తుడిచి, వేడి చాయ్ గ్లాసు మీద పరిచి, పైన కళ్లద్దాలు పెట్టింది. అద్దాలు చాలాసేపు తేటగానే ఉన్నాయి. తర్వాత, మెల్లగా మసకబారాయి.

వాటిని తుడవకుండానే పెట్టుకుని నావైపు తిరిగింది.

"ఇగ బేరం జెయ్యి తమ్మి. నీ మొఖం నాకు కనవడ్తలేదు, మొహమాటం లేకుండ అడుగు."