కొసరుగా వద్దన్న ఇనపముక్క

ఆటల పెట్టె కొన్న రోజు బేరంలో నేనే గెలిచానని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాను. తొంభైల మొదట్లో మాట. హార్బరు దారిలో ఓడ సామాన్లు అమ్మే చిన్న కొట్టు ఉండేది. ఓడ దిగినవాళ్ళు వదిలించుకున్న లైటర్లు, సెంటుసీసాలు, టేపురికార్డర్లు అక్కడికి చేరేవి. వాటి మధ్య ఓ బూడిదరంగు పెట్టె, దానికో వైరు, వైరు చివర రెండు చేతులతో పట్టుకునే మీటల పలక. టీవీకి తగిలించి ఆడుకునేది. అప్పటికే పాతది. అందుకే నా కన్ను పడింది. పాతదానికి వంకలు పెట్టడం తేలిక.

మల్కాపురంలో మాది కిరాణా కొట్టు. నాకు బేరం ఎవరూ నేర్పక్కర్లేదు. కావలసినదాన్ని వదిలేసి పక్కదాని ధర అడిగాను. రెండుసార్లు మెట్లు దిగి వెళ్ళిపోయాను, రెండుసార్లూ వెనక్కి పిలిపించుకున్నాను. చివర్న కొసరు అడిగాను. కొసరు లేకుండా ఏ వస్తువు ఇంటికి తెచ్చినా నాన్న దానివైపు చూసేవాడు కాదు. తనిచ్చేటప్పుడూ అంతే. పప్పు తూచి, తక్కెడ ముల్లు నిలబడ్డాక, కుడిచేత్తో ఇంకో గుప్పెడు వేసి గానీ పొట్లం కట్టేవాడు కాదు.

కొట్టతను సొరుగులోంచి వేలెడంత ఇనపముక్క తీసి బల్ల మీద పెట్టాడు. దాని చివర బోలుగా ఉంది.

"ఇది అట్టుకెళ్ళు బాబూ. ఎప్పుడైనా ఈ పెట్టి ఇప్పాలంటే ఇదుండాల."

"కొసరడిగితే ఇనపముక్క ఇస్తావా? ఆ రెండో ఆట ఇయ్యి," అన్నాను, అరలో ఉన్న ఇంకో ఆట క్యాసెట్టు చూపిస్తూ.

"నీ ఇట్టం," అని వెంటనే ఇచ్చేశాడు. అమ్మేవాడు అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానపడాలని నేను పదిమందికి చెప్పేవాణ్ణి. ఇంటికి రాగానే నాన్న "కొసరేం తెచ్చావు?" అనడిగి, క్యాసెట్టు చూసి తలూపాడు. ఆ తలూపు కోసమే సగం బేరాలు ఆడేవాణ్ణి.

కొన్నాళ్ళు ఆడి, పెట్టెను బీరువా మీదికి ఎక్కించాను. అది అక్కడుండగానే ఏళ్ళు గడిచాయి. నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చే ఆవిడ, కుడి బొటనవేలు ఇప్పుడు కదిలిస్తేనే కదులుతుందని, వదిలేస్తే బిగుసుకుపోతుందని గట్టిగా చెప్పింది. పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. నాన్న దాన్ని ఎడమచేత్తో గోడకేసి కొట్టాడు. మేం వేలు పట్టుకుని ఆడించబోతే చెయ్యి లాక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని తోచక ఆ పెట్టె దించి ఆడుతున్నాను. వేళాకోళానికి మీటల పలక ఆయన చేతుల్లో పెట్టాను. కుడి బొటనవేలు పడేచోట ఎర్ర మీట ఉంటుంది. అది నొక్కితే తెరమీద పొట్టివాడు ఎగిరి గొయ్యి దాటుతాడు. చాలా రోజులు వాడు గోతిలోనే పడ్డాడు. ఒకరోజు దాటాడు. చిరిగిన నోటు అంటగట్టబోయినవాణ్ణి పట్టుకున్నప్పుడు నాన్న గొంతులోంచి ఓ శబ్దం వచ్చేది. సరిగ్గా అదే శబ్దం వచ్చింది. ఆ తర్వాత భోజనమవగానే ఎడమచేత్తో టీవీ చూపించేవాడు.

వేలు కాస్త లేస్తోందనగా పెట్టె ఆగిపోయింది. దీపం వెలుగుతుంది, బొమ్మ రాదు. టీవీ మెకానిక్కు అటూ ఇటూ తిప్పి, "విప్పితే గానీ చెప్పలేను, విప్పడం నావల్ల కాదు," అన్నాడు. చైనా పెట్టె ఒకటి కొత్తది కొనుక్కొచ్చాను. నాన్న దాని మీట ఒకసారి నొక్కి, రాళ్ళున్న బియ్యం పక్కకి నెట్టినట్టు నెట్టేశాడు.

పాత పెట్టెను బోర్లించి చూశాను. అడుగున లోతైన కన్నాలు, వాటి అడుక్కి స్క్రూలు. ప్లస్ పెట్టాను, మైనస్ పెట్టాను. జారిపోయాయి. స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసే మా బావకి కబురు పెట్టాను. అతను సంచెడు సామానుతో వచ్చి, టార్చి వేసి చూసి, సంచి విప్పకుండానే కూర్చున్నాడు.

"ఏటి బావా ఇది? ఇలాటి తల నాను సూడ్నేదు."

"మీ ప్లాంట్‌లో లేని స్క్రూ ఉంటుందా?"

"మా కాడ ఒక్కో బోల్టు నీ పిడికిలంతుంటాది. ఇది ఆవగింజ. ముందు దీని మొకం ఎలాగుందో తెలియాల."

ముఖం పట్టే ఉపాయం నాదే. కొట్లో సబ్బులకి కొదవలేదు. ఓ సబ్బుని పుల్లలా చెక్కి, కొస వెచ్చచేసి, కన్నంలోకి దించి నొక్కాను. తీసి చూస్తే గుండ్రటి అచ్చు పడింది. మధ్యలో నున్నగా ఉంది, అంచు చుట్టూ ఆరు గంట్లు. బావ దాన్ని కంటి దగ్గర పెట్టుకున్నాడు.

"నడిమిన ఏటీ లేదు బావా, అందుకే జారిపోతన్నాది. దీన్ని బయట్నుంచి పట్టాల. గొట్టంలాటి ముక్క, లోపల ఈ ఆరు గంట్లూ ఉండాల."

అప్పుడు గుర్తొచ్చింది ఆ బోలు ఇనపముక్క. బావకి చెప్పలేదు.

ముందు పాత ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్లు తిరిగాను. సబ్బు అచ్చు చూపించగానే అందరి ముఖాలూ మారిపోయేవి. ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి అడిగాడు.

"ఎవరి బీరువా బాబూ ఇది?"

"బీరువా కాదండీ, ఆటల పెట్టె."

"ఆటల పెట్టికి తాళం ఏటి? సబ్బు మీద అచ్చు తెచ్చినోడికి నాను సామానివ్వను. రేపు పోలీసులొచ్చి నన్నడుగుతారు."

నిజం చెప్పి నమ్మించడం నాకు అలవాటు లేని పని. వచ్చేశాను.

ఇక మిగిలింది హార్బరు దారి. కొట్టతనికి జుట్టు నెరిసింది గానీ నన్ను మరిచిపోలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయే ఉపాయం ఈసారి నాకు లేదు. ఎంతడిగినా ఇచ్చేద్దామని వెళ్ళాను. నేను నోరు విప్పకముందే నవ్వాడు.

"ఆ ముక్క కోసవేనా? ఇంటికాడ ఎక్కడో పడుంటాది, ఎతికి తీసుంచుతాను. వచ్చే వారం రా."

వారం ఆగమని నాన్నకి చెప్పలేను. భోజనమవగానే ఎడమచెయ్యి టీవీ వైపు లేస్తోంది. బావ పెన్ను గొట్టం కొవ్వొత్తి మీద కరిగించి కన్నంలోకి దించుదామన్నాడు. అచ్చు పడి గట్టిపడ్డాక అదే తిరుగుతుందన్నాడు. మొదటి స్క్రూ నిజంగానే తిరిగింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెండోదాని దగ్గర ప్లాస్టిక్కు తెగి, కన్నంలోనే గడ్డకట్టింది. సూదితో గీరాం, వేడి ఊచ పెట్టాం. ఇంకా బాగా అతుక్కుంది.

"పగలగొట్టేద్దామా బావా?"

"లోపలి సర్క్యూటు విరిగితే ఏం చేస్తాం?" అన్నాను.

బావ సంచి సర్దుకున్నాడు.

వారం తర్వాత ఇనపముక్క దొరికింది. కొట్టతను డబ్బు తీసుకోలేదు. "ఆవేళ కొసరన్నాను గదా," అన్నాడంతే. మిగతా స్క్రూలన్నీ దానితో వెన్నలా ఊడివచ్చాయి. ప్లాస్టిక్కు గడ్డకట్టిన స్క్రూ మీద మాత్రం అది కూర్చోలేదు. ఆ ఒక్కటీ పట్టుకునుంటే పెట్టె ఓ మూల నోరు తెరిచి, ఇంకో మూల బిగుసుకుపోయింది. లోపల వేలు దూరేంత సందు, దూరినా ఏం చెయ్యాలో తెలియదు.

ఆ మధ్యాహ్నం నాన్న మళ్ళీ టీవీ చూపించాడు. ఏం చెప్పాలో తోచక టీవీ పెట్టాను, మీటల పలక చేతుల్లో పెట్టాను. వైరు చివర దేనికీ తగిలించి లేదు. తెరమీద ఉత్త నీలిరంగు. బొటనవేలు మెల్లగా లేచి ఎర్ర మీట మీద పడింది.

"ఎగిరాడు నాన్నా," అన్నాను.

ఇంకోసారి నొక్కాడు.

"గొయ్యి దాటాడు."

నాన్న తల తిప్పి నావైపు చూశాడు. తక్కెడలో ఇంత తేడా ఉన్నా పసిగట్టే కళ్ళు అవి. వైరు చివర ఎక్కడుందో కూడా చూశాడు. నేను టీవీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన తల మళ్ళీ తెరవైపు తిప్పుకుని నొక్కాడు, నేను చెప్పాను. చాలాసేపు అలాగే సాగింది. వేలు వణకడం మొదలైంది.

"ఇవాళ్టికి చాలు నాన్నా," అని పలక తీసుకోబోయాను.

ఇవ్వలేదు. పొట్లం కట్టేముందు గుప్పెడు వేసినట్టు ఇంకోసారి నొక్కి, అప్పుడు వదిలాడు.