మంగళవారం దీపం

నా బిడ్డకు నేను చుట్టాన్ని. ఎగతాళిగా అంటున్నాను గానీ, అబద్ధం కాదు. నా ఉద్యోగం తాండూరులో, ఇల్లు ధారూరులో. రైలెక్కితే ఎంతో దూరం లేదు, ఎక్కడానికే రోజు దొరకదు. ఆ రోజుల్లో బట్టల దుకాణం గుమస్తాకు పండుగలు తప్ప సెలవు లేదు. గిరాకీ ఉన్న పండుగలైతే అవి కూడా దక్కేవి కావు. నేను ఇంటికి వెళ్తే నాలుగేళ్ల పిల్ల తల్లి కొంగు వెనక దాక్కునేది. "మీ నాయినే, పో" అని తల్లి ముందుకు తోస్తే వెనక్కి వెనక్కి చూస్తూ వచ్చేది. నాకు చచ్చేంత సిగ్గయ్యేది.

అందుకే మా గుమస్తాల సంఘంలో వారానికొక సెలవు కావాలని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. పోలీసు చర్య జరిగి అప్పటికి కొన్నేళ్లయింది. దుకాణాలకు వారంలో ఒకరోజు సెలవివ్వాలని చట్టం వచ్చిందన్నారు. వచ్చింది నిజమే, తాండూరు దాకా ఎవరైనా తీసుకురావాలి కదా! నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు. చదువెక్కువని కాదు, నోరు పెద్దదని.

ముందు వికారాబాదు వెళ్లి అక్కడి సంఘం వాళ్లను కలిశాను. వాళ్లకు సెలవు వచ్చింది, పేరుకు మాత్రమే. దుకాణం బంద్ అంటారు, తలుపు ఓరగా తీసి లోపల అమ్ముతారు, ఆ అమ్మేది మళ్లీ గుమస్తాలే.

"దీపం పెట్టనీకి తలుపు తీస్తున్నమంటరు. దీపం ఎనుకనే గిరాకీ వస్తది," అన్నాడు అక్కడి పెద్దమనిషి. "గిట్ల కాదు, సమ్మె జేయుండ్రి. గప్పుడు తెలుస్తది ఆళ్లకు."

సమ్మె మాట వినగానే నాకు కడుపు నిండినట్టయింది. నా స్వభావం అలాంటిది. కానీ తిరుగు రైల్లో ఆ దీపం మాటే బుర్రలో తిరిగింది. సందెవేళ గల్లా ముందు దీపం పెట్టని దుకాణంలో లక్ష్మి నిలవదని మా సేటు కూడా అనేవాడు. అది సాకు కాదని నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఆయన పక్కన పరుపు మీద కూర్చున్నవాణ్ణి, దీపం ముందు చేతులు జోడించినప్పుడు ఆయన ముఖం చూసినవాణ్ణి. ఆయన అసలు భయం వేరు. దీపం పేరు చెప్పి ఎదురు దుకాణం సేటు అమ్ముకుంటాడేమోనని. ఎదురు సేటుకు ఈయన మీద అదే భయం. మా మీద కోపం కంటే వాళ్లకు ఒకరి మీద ఒకరికి అనుమానం ఎక్కువ.

బజారు సేట్లందరినీ కూర్చోబెట్టినప్పుడు నేను సమ్మె మాట ఎత్తలేదు. మాలో ముస్లింలు శుక్రవారం కావాలన్నారు, కుర్రాళ్లు ఆదివారం అన్నారు. మంగళవారం కొత్త బట్ట కొనేవాళ్లు తక్కువ కాబట్టి సేట్లు మంగళవారం అన్నారు. చివరికి అందరం అక్కడే ఆగాం.

"మరి దీపం సంగతేంది?" అన్నాడు మా సేటు.

"దీపం మేం పెడ్తం సేట్. మన దుకాణంల ఎదురు దుకాణపు గుమస్తా పెడ్తడు. ఆళ్ల దుకాణంల మనోళ్లు పెడ్తరు. ఎవలూ అమ్మకుండ మా సంఘం జామీను," అన్నాను.

మా సేటు ఎదురు సేటు వైపు తిరిగి, "చూసినవా, మనిద్దర్ని దొంగలంటుండు," అన్నాడు.

"ఇద్దర్ని అంటుండు గద. నీ ఒక్కన్ని దొర అంటె నాకు కోపమొస్తుండె," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక ఒప్పుకున్నారు.

ఉపాయం నాదే కాబట్టి మొదటి మంగళవారం వంతు నాకే పడింది. ధారూరు ప్రయాణం వారం వాయిదా పడింది. సందెవేళ ఎదురు సేటు దుకాణంలో దీపం వెలిగించాను. ఆయన గడప దగ్గర, మా సేటు అవతల తన గడప దగ్గర నిలబడ్డారు. అప్పుడొచ్చాడు ఒకాయన, భుజం మీద గొంగడి, మోకాళ్ల దాకా దుమ్ము.

"అయ్యా, యాలాల దిక్కు మాది. మా అవ్వ సచ్చిపోయింది. మీద కప్పనీకి కొత్త బట్ట గావాలె. బజారంత బందున్నది."

మంగళవారం కొత్త బట్ట ఎవరూ కొనరని తెగ తెలివిగా లెక్కవేశాం. చావును ఒక్కడూ లెక్కవేయలేదు. ఇప్పుడు బట్ట అమ్మితే, వచ్చే వారం నుంచి ప్రతి దుకాణానికీ ఎవరో ఒకరు చచ్చారన్న సాకు దొరుకుతుంది, మా సెలవుకు వికారాబాదు గతే పడుతుంది. అమ్మకపోతే ఈ మనిషి తల్లిని ఉత్తగా సాగనంపాలి. అందరి మీదా కోపమొచ్చింది. ఆ సమయంలో కూడా నా కళ్లముందు కొంగు వెనక దాక్కున్న నా బిడ్డే ఉంది. అంత స్వార్థం మనిషికి.

"సేట్, జర ఇట్ల రాండ్రి!" అని రోడ్డు అవతలికి అరిచాను. మా సేటు వచ్చి సంగతి విన్నాడు.

"అమ్మితె దుకాణం తెరిచినట్టే," అన్నాను. "ఇస్తె కాదు."

ఎదురు సేటు తెల్ల తాను దించాడు. మా సేటు దాని కొస పట్టుకుని, "గిది నీ ఒక్కని మీద ఎందుకు పడాలె? బజారుది. సగం మేము, సగం సంఘం," అన్నాడు. చెరో కొసా వాళ్లు పట్టుకుంటే నేను చింపాను. ఆ మనిషి పైసల మూట విప్పబోతే మా సేటు ఆ చేయి పట్టుకుని ఆపాడు. గీచి గీచి బేరమాడే మా సేటు పైసలు వద్దనడం చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పటినుంచి మంగళవారం దీపం పక్కన ఒక తెల్ల తాను ఉండేది. హిందువుల ఇంట్లో చావైనా, ముస్లింల ఇంట్లో చావైనా బజారు ఇచ్చేది. తలుపు ఇంక దేనికీ తెరుచుకోలేదు. తర్వాత జీతాల దగ్గర మేం ఎన్నోసార్లు కొట్లాడాం, కొట్లాడి ఒప్పందానికొచ్చాం. ఎదుటివాడు మాట నిలుపుకుంటాడని ఇరువైపులా తెలుసు మరి.

రెండో మంగళవారం పొద్దున్నే రైలెక్కి ధారూరు వెళ్లాను. సాయంత్రం బయల్దేరుతుంటే బిడ్డ, "మల్ల ఎప్పుడొస్తవ్ నాయినా?" అంది. అన్నాళ్లూ చుట్టంలాగే "వస్తలే" అని వచ్చేసేవాణ్ణి. ఈసారి "మంగళారం" అన్నాను.

చెప్పినట్టే మరుసటి మంగళవారం రైలు దిగేసరికి బిడ్డ స్టేషన్లో తల్లి పక్కన నిలబడి ఉంది. దాక్కోవడానికి కొంగు అందుబాటులోనే ఉంది. దాన్ని వదిలేసి నా మీదికి పరుగెత్తుకొచ్చింది.