రంగూను వదిన

మొన్న పలాసలో కళ్ళు చూపించుకుని కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చున్నప్పుడు, తోడొచ్చిన మా అన్నయ్య మనవడు ఫోనులో ఏదో చూస్తూ, కలకత్తా నుంచి రంగూను వెయ్యి కిలోమీటర్ల పైచిలుకేనట, విమానంలో రెండు గంటలు కూడా పట్టదట అన్నాడు. వాడికది వట్టి కబురు. నాకు మాత్రం వాడి నాయనమ్మ, మా వదిన, కళ్ళముందు నిలబడింది.

మన తరానికి చెప్పనక్కర్లేదు, ఒకప్పుడు ఉద్దానంలో రంగూను వెళ్ళిన మనిషి లేని ఇల్లు తక్కువ. మా పెద్దమ్మ కూడా పెళ్ళయిన కొత్తలోనే పెదనాన్న వెంట ఓడెక్కి వెళ్ళి, అక్కడే బియ్యం కొట్టు పెట్టుకుని స్థిరపడింది. నా చిన్నతనంలో అక్కడి సర్కారు కొట్లన్నీ తీసేసుకోవడంతో, పెదనాన్న అప్పటికే పోయారు కాబట్టి, కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని విశాఖపట్నంలో ఓడ దిగి మా బారువ చేరింది. ఆ కోడలే మా వదిన, బర్మా పిల్ల, రంగూనులో వాళ్ళ పక్కింటి అమ్మాయి. వచ్చేసిన వాళ్ళు మళ్ళీ అక్కడికి వెళ్ళడానికి వీల్లేదని తెలిసే బయలుదేరింది.

తెలుగు రాక, మా కూరలు సహించక, మొదట్లో వదిన చిక్కి సగమైపోయింది. ఒకరోజు అమ్మ ఎండురొయ్యలు వేసి పులుసు పెడితే, ఆ వాసనకు లేచి వచ్చి కంచం ముందు కూర్చుని, తింటూ నవ్వుతూ ఏడ్చింది. సాయంత్రాలు నన్ను తీసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళేది. అటువైపే తన ఊరని వేలెత్తి చూపించేది తప్ప, వెళ్ళాలని ఉందని మాత్రం ఎప్పుడూ అనలేదు.

కొన్నేళ్ళకు, ఆలస్యంగా తిరిగొచ్చిన రంగూను వాళ్ళెవరో కబురు తెచ్చారు, వదిన తల్లి పోయి ఏడాది దాటిందని. వదిన చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. కంట తడి లేదు. అందరం భయపడిపోయాం. అప్పుడు పెద్దమ్మ వెళ్ళి చేట పక్కకు జరిపి, ఆమెను దగ్గరకు తీసుకుంది.

“మా అమ్మ పోయినప్పుడు నానూ సూడనేదమ్మా, ఆ ఒడ్డునే ఉండిపోనాను. ఆ వేళ నన్ను ఒళ్ళో ఎట్టుకుని కూకున్నది ఎవులనుకున్నావు? మీ అమ్మే. ఇప్పుడు నానున్నాను కదా, ఏడిసెయ్యమ్మా.”

వదిన అప్పుడు ఏడ్చింది, తన భాషలో, గొంతు పోయేదాకా. పెద్దమ్మ కూడా అదే భాషలో ఏదో చెబుతూ వీపు నిమురుతూనే ఉంది. ఆ తరువాత వదిన ఆమెను అత్తా అనలేదు, చివరిదాకా అమ్మా అనే పిలిచింది.

ఇద్దరూ పోయారు, అన్నయ్యా పోయాడు. దారులు తెరుచుకున్నాయి, ఓపిక ఉంటే నేనైనా వెళ్ళి రావచ్చు. కానీ పక్కపక్కనే ఉన్న ఆ రెండిళ్ళూ ఏ వీధిలో ఉండేవో, చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు.