మూడో బెంచీ తెలుగు

ఆ రోజుల్లో మాకు తెలుగంటే తలుపున్న గది. లోపలికి వెళ్ళి గడియ వేసుకుంటే ఎవరినైనా ఏమైనా అనుకోవచ్చని మా ధైర్యం. కోయంబత్తూరులో ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే వీధులు ఎన్నో ఉన్నా (ఆ సంగతి తెలిసీ అంత ధైర్యం ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు), మా బాటనీ క్లాసులో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమేనని నేనూ, నా పక్కన కూర్చునే ఉడుమలైయూ గట్టిగా నమ్మాం. ఆమెది ఉడుమలైపేట కాబట్టి కాలేజీ అంతా ఊరి పేరుతోనే పిలిచేది. మా నాన్నది పాత్రల కొట్టు కాబట్టి నన్ను ‘కిణ్ణం’ అనేవాళ్ళు, అంటే గిన్నె.

బాటనీ చెప్పే మిస్ గంజి పెట్టిన చీరలో ఒక్క మడత నలగకుండా వచ్చేవారు. అందుకని ఆమెకు మేం పెట్టుకున్న పేరు ఇస్త్రీపెట్టె. ఆమె బోర్డువైపు తిరిగితే చాలు, మూడో బెంచీలో తెలుగు మొదలు. “ఏమే, ఇస్త్రీపెట్టె ఈపొద్దు బాగా కాగి ఉండాది” అని ఉడుమలై అంటే, “దగ్గరికి పోవద్దు, చురుక్కుమంటాది” అని నేను. ఆ తర్వాత ఇంటి సంగతులు, వంటలు, చుట్టాల తగాదాలు. మిస్ ఏనాడూ కసరలేదు. పైగా ఎప్పుడూ మా బెంచీ పక్కనే నిలబడి పాఠం చెప్పేవారు. మేం బుద్ధిగా ఉండడం ఆమెకు నచ్చిందనుకున్నాం.

రెండో ఏడాది చివర్లో మొక్కలు చూపించడానికి మమ్మల్ని మధురైవైపున్న కంబం తీసుకెళ్ళారు. ద్రాక్షపందిరి కింద వంగి నడుస్తూ ఒక తీగ పట్టుకుని లాగాను. (లాగింది తనేనని ఉడుమలై ఇప్పటికీ అంటుంది.) మూలనుంచి కొడవలి పట్టుకుని ఓ పెద్దావిడ వచ్చి, “ఎవురే అది? పెరికేదానికి మీ అబ్బ నాటినాడా?” అంది, తెలుగులో. మనవాళ్ళేనని సంబరపడి మేం నోరు తెరిచేలోపల మా వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. “కోపించుకోవద్దు పెద్దమ్మా. టౌను బిడ్డలు, వాళ్ళకేమి తెలుసు. నేను చెప్తాను, ఉండు.” ఆ గొంతు ఇస్త్రీపెట్టె మిస్‌ది. పెద్దావిడ చల్లబడి, మిస్‌ది ఏ ఊరో, ఎవరింటి బిడ్డో అడిగి తెలుసుకుని, ఆమె కొంగు నిండా ద్రాక్షలు పోసింది. ఉడుమలై నన్ను గిల్లి, అలవాటు కొద్దీ తెలుగులోనే “చచ్చినామే” అని గొణిగింది. అది కూడా మిస్‌కు వినపడింది. ఆమె మాకు చెరో గుత్తి ఇచ్చారు. ఆ ద్రాక్ష తియ్యగా ఉందో పుల్లగా ఉందో నాకు తెలియదు.

ఆనాటినుంచి క్లాసులో మా తెలుగు బంద్. ప్రాక్టికల్ మార్కులు పోతాయని ఆఖరి బెంచీకి మారిపోయాం. మిస్ అప్పుడప్పుడు ఏదో చెప్పబోయినట్టు మా దగ్గర ఆగేవారు. మేం పుస్తకాల్లో తల దూర్చేవాళ్ళం. మార్కులేమీ పోలేదు. చదువైపోయింది.

ఇప్పుడు మా క్లాసుకో వాట్సాప్ గ్రూపుంది. పొద్దున్నే పూల బొమ్మతో వణక్కం, ఆ వెనకాల ఎవరి మోకాలికి ఏ ఆపరేషనో, ఎవరికి మనవరాలు పుట్టిందో, మధ్యమధ్య దండ వేసిన ఫోటో. ఆ దండ ఫోటోలు ఎక్కువవుతున్నాయని భయపడి, ఉన్నవాళ్ళం ఒకసారి కలుద్దామని మొన్న అవినాశి రోడ్డులో ఒక హాలు తీసుకున్నాం. మధురైనుంచి మిస్ కూడా వచ్చారు. ఎనభై దాటినా చీర మడత నలగలేదు. అందరూ ఆమె కాళ్ళకు మొక్కుతుంటే మేమిద్దరం వెనక్కి వెనక్కి జరిగాం. (ఒకరు రిటైరైన బ్యాంకు ఆఫీసరు, ఒకరు కొబ్బరితోటల యజమానురాలు.)

“కిణ్ణం, ఉడుమలై, ఇంగ వాంగ” అని మిస్ దగ్గరికి పిలిచి, చెరోపక్క కూర్చోబెట్టుకుని తెలుగులోకి దిగారు. “కంబం పోయి వచ్చినాక ఎందుకమ్మా నోరు మూసుకుంటిరి?”

“భయం మిస్” అంది ఉడుమలై. “మిమ్మల్ని మేము ఇస్త్రీపెట్టె అని...”

“అది నాకు మొదటినుంచే తెలుసు. పేరు బాగుండాదనే అనుకుంటిని.” ఆమె నవ్వలేదు. “అప్పుడు నేను హాస్టల్ రూములో ఒంటిగా ఉంటిని. మాయమ్మ పోయినాక నాతో తెలుగు మాట్లాడేదానికి ఎవరూ లేరు. ఈ ఊర్లో తెలుగంతా ఇండ్ల లోపల. నన్ను ఎవరింటికి పిలుస్తారు? మీ బెంచీ దగ్గర నిలబడితే మా ఇంట్లో ఉన్నట్టే ఉండేది. చెప్తే ఆపేస్తారని చెప్పలేదు. ఆ ద్రాక్షతోటలో నోరు జారితిని.”

మిస్ నావైపు తిరిగారు. “అది పోనీ. చిన్నకోడలు సాంబారులో కొబ్బరి నూరి పోసిందని మీ అవ్వ అలిగి మధురై పోయె కదా. మళ్ళీ వచ్చెనా, లేదా? మీరు ఆడికి ఆపేస్తిరి.”

నేనే మరిచిపోయిన తగాదా అది. “వచ్చింది మిస్” అని మొదలుపెట్టాను. బ్యాంకులో తమిళం, మనవళ్ళతో తమిళం అలవాటైన నాలుకకు తెలుగు మాటలు సమయానికి అందక తడుముకుంటుంటే మిస్ ఒక్కొక్కటే అందిస్తూ వచ్చారు. చిన్నాన్న వెళ్ళి ఎంత బతిమాలినా అవ్వ రాలేదు. మధురైలో పెద్దకోడలు సాంబారులో బెల్లం వేస్తే, కొబ్బరే నయమని తనంతట తానే బస్సెక్కి వచ్చేసింది. అది విని మిస్ నవ్విన నవ్వుకు హాలంతా మావైపు తిరిగింది.

ఫోటోకి రమ్మని ఎవరో పిలిచారు. వస్తాం ఉండమని వాళ్ళకు తమిళంలో చెప్పి, మిస్ నా చెయ్యి పట్టుకుని “ఊఁ, తర్వాత?” అన్నారు. చెబుతూనే ఉన్నాను కానీ, మార్కులు పోతాయని వెనక బెంచీలో తల దాచుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. ఆ మిగిలిన ఏడాదిలో మా ఇంట్లో ఎంత మంచి తగాదాలు జరిగాయి. ఒక్కటీ ఆమె చెవిన పడనివ్వలేదు.