అక్క పలకకి తాళం

మా అక్కని మేం పనిచేసే కార్ఖానాలో అందరూ గుండీలక్క అంటారు. పెళ్ళికి ముందు చొక్కాలకి గుండీలు కుట్టే మిషన్ మీద కూర్చుంది, మొగుడు పోయాక మళ్ళీ వచ్చి అదే మిషన్ ముందు కూర్చుంది. ఆ మోతకి చెవులు సగం మొద్దుబారాయి. నోట్లో నాలుక లేని మనిషి. ఏదడిగినా "నాకేం వద్దులేవే" అంటుంది. వింటే నాకు ఒళ్ళు మండుకొస్తుంది.

అలాంటిది, సంగీతంపెట్టె వచ్చాక మారిపోయింది. మేనేజరు దాన్ని భోజనాల గదిలో పెట్టించాడు. పెట్టెకి తగిలించి చిన్న చిన్న పలకలు. లైటు వెలగ్గానే కొడితే ఒక్కో పలక ఒక్కో వాయిద్యంలా మోగుతుంది. సరిగమలు రానివాళ్ళు కూడా కలిసి కచేరీ చేసేయొచ్చట! అక్క మృదంగం పలక పట్టుకుని వదిలితే ఒట్టు. పక్కనే నాది గజ్జెల పలక. "నాక్కూడా వచ్చేస్తోందే!" అంటూ ఇంటికొచ్చి కంచం మీద వాయించేది.

కానీ చెవుల వల్ల అక్క దెబ్బ కాస్త వెనకపడేది. ఒకరోజు పెట్టె నడిపే మాస్టారు నాతో, "మీ అక్కగారి పలకకి తాళం వేశానమ్మా, ఇక గొడవ లేదు" అన్నాడు. ఆవిడ తప్పినా పెట్టే తాళం వేసి సర్దుకుంటుంది కాబోలు అనుకున్నాను. చల్లగా ఉండు నాయనా అని దీవించాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మొన్న అక్క అందరికంటే ముందు వెళ్ళి, ఒక్కతే కొట్టి చూసుకుందట. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

"చెవులు పోతున్నాయే. ఎంత కొట్టినా వినపడలేదు. ఇవాళ మృదంగం పోయింది, రేపు సూది విరిగిన చప్పుడు పోతుంది, ఆ తర్వాత నీ గొంతు. ఇక పనికి రానని చెప్పెయ్."

మర్నాడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. అక్క పలక నేనే కొట్టాను. కిక్కురుమనలేదు. నాది కొట్టాను, ఘల్లుమంది.

"ముందే చెప్పాను కదమ్మా, తాళం వేశానని" అన్నాడు మాస్టారు. "లాక్ చేశాను. లైటు ఎలాగూ వెలుగుతుంది. ఆవిడకి తృప్తి, మనకి పాట చెడదు."

"నీ తాళం తగలెయ్య! మనిషి గొంతు నొక్కేసి తృప్తి అంటావా? ఆవిడ చెవిటిదాన్నయిపోయానని ఏడుస్తోందయ్యా! తియ్యి ముందు!"

నా కేకలకి పనివాళ్ళంతా గుమ్మంలో మూగారు. మేనేజరు "మెల్లగా, మెల్లగా" అంటూ వచ్చాడు.

"మెల్లగా ఉన్నందుకే మా అక్కకి ఈ గతి పట్టింది!" అన్నాను.

మాస్టారు మొహం మాడ్చుకుని ఏదో నొక్కాడు. అక్క భయంభయంగా కొట్టింది. ధిం అంది. మళ్ళీ కొట్టింది.

"వినపడుతోందే!" అని చిన్నపిల్లలా నవ్వేసింది. నవ్వుతూనే ఆగిపోయింది. గుమ్మంలో ఉన్నవాళ్ళని చూసింది. ఆఖరికి నావైపు తిరిగింది.

"నీ చెవులు బాగానే ఉన్నాయిగా. రోజూ నా పక్కనే కూర్చున్నావు. నేను మోగట్లేదని నీకూ తెలియలేదటే?"