పక్కింటి చేటకి అంటిన పాలసీ

బరంపురం పక్కన హల్దియాపదర్‌లో మా పట్టునూలు రంగుల షెడ్డు మూతపడి పదేళ్ళు దాటాక, ఒక ఉదయం వీధివాళ్ళంతా కర్రలు పట్టుకుని మా ఇంటి మీదికి వచ్చారు. వాళ్ళ బావుల్లో నీళ్ళు ఎర్రగా ఊరుతున్నాయి. ఆ నీళ్ళు ఒక బిందెడు తెచ్చి నా నెత్తిన పోశారు, ఆ బిందెతోనే మొహం మీద కొట్టారు. ముందు పన్ను ఒకటి ఊడి నా చేతిలో పడింది. నాకూ కోపం తక్కువేం కాదు, దొరికినవాడి చెవి కొరికాను. వాడు ఒడియాలో మా అమ్మని తిట్టాడు, నేను తెలుగులో వాడి అమ్మని తిట్టాను. ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు కనుక తిట్లు ఎక్కడికి చేరాలో అక్కడికి చేరాయి.

తప్పు మాదే. మా నాన్న బతికున్నన్నాళ్ళూ రంగు నీళ్ళు షెడ్డు వెనక గొయ్యిలోకి వదిలాడు. ఇదేం పనని అమ్మ అడిగితే, పట్టుకి రంగు పట్టాలంటే నేలకి కాస్త అంటదా అనేవాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు. ఆ గొయ్యి గోడ ఎప్పుడో బీటలు వారింది. నాన్న పోయాడు, గొయ్యి నాకు మిగిలింది. చుట్టూ ఉన్న మట్టంతా తవ్వి, సర్కారు చూపించిన చోట పూడ్చాలని నాకు నోటీసు వచ్చింది. ఉన్న ఇల్లు అమ్మినా ఆ పనికి చాలదు. తవ్వకపోతే వీధివాళ్ళు నన్నే పూడ్చేలా ఉన్నారు.

నాన్నకి బీమాలు చేసిన ముసలి ఏజెంటు బరంపురంలో అప్పటికింకా బతికే ఉన్నాడు. వాచిన మొహంతో ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మీ నాన్న లోను తీసుకున్నప్పుడు బేంకోడు పట్టుబట్టి ఒక పాలసీ సేయించినాడు. మీ పని వల్ల బయటోల్లకి నష్టమైతే కంపెనీ కట్టీ రకం. ఆ కాయితం తే," అన్నాడు.

"అదెప్పుడో అయిపోనాది కదా బాబాయ్?"

"పాలసీ సచ్చిపోనా, అది బతికున్నప్పుడు జరిగిన నష్టానికి అదే జవాబు సెప్పాల. నంబరు లేకపోతే మాత్రం నిన్ను గుమ్మం దాటనివ్వరు."

ఇంటికొచ్చి పెట్టెలన్నీ బోర్లించాను. నాన్న కాగితం ఒక్కటీ లేదు. అమ్మని అడిగితే, చేటలకి వాడేశానంది. మా వైపు ఆడవాళ్ళు పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జు వెదురు చేటలకి మెత్తుతారు. సందులు పూడతాయి, చేట ఏళ్ళ తరబడి వస్తుంది. గడువు దాటిన కాగితమంటే మా అమ్మకి గుజ్జు కిందే లెక్క.

"అయిపోయిన కాయితం మల్లీ పనికొస్తాదని నాకేటి తెలుసురా," అంది.

నేను అమ్మని కొట్టాను. చెంప మీద, అరచేత్తో. ఆవిడకి డెబ్బై దాటాయి. తల గోడకి కొట్టుకుని కూలబడింది. అంతటితో ఆగక, ఇంట్లో ఉన్న చేటలన్నీ కాలికింద వేసి విరగ్గొట్టాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇది దాచి మిగతాది రాస్తే ఇంకా సిగ్గు.

అమ్మ ఏడవలేదు. పెదవి మీద నెత్తురు కొంగుతో తుడుచుకుంది. "మందం కాయితాలు నలగవు. ఆటిని సేట ఎనకాల అలాగే అంటించీసేదాన్ని. సీలున్న కాయితం అంటించిన సేట పక్కింటి మీ పిన్నికిచ్చినాను. మీ నాన్న దాని మొగుణ్ణి కొట్టినాక శానా ఏల్లు మొకం సెల్లక, ఆకరికి అదిచ్చినాను," అంది.

ఆ కొట్టడం సంగతి కూడా చెప్పాలి. పక్కింటి పిన్ని మాకు చుట్టం కాదు, పిలుపు వరస అంతే. ఒకరోజు ఆవిడ భర్త మా షెడ్డులోకి వచ్చి, గొయ్యి కారుతోంది, మా బావి నీళ్ళు రంగు మారుతున్నాయి అన్నాడు. నాన్న రంగు తొట్టిలో నూలు చిలపలు తిప్పే కర్ర అందుకున్నాడు. నాకప్పటికి ఇరవై ఏళ్ళు పైనే. నేను పిన్ని భర్త రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాను. మోకాలు పగిలేదాకా నాన్న కొట్టాడు. ఎముక విరగడం నా చేతుల్లోకి తెలిసింది. వీధిలో సగం మందికి మా షెడ్డులోనే పని కనుక ఎవరూ నోరెత్తలేదు. పోయేదాకా ఆయన కుంటుతూనే నడిచాడు.

అలాంటి ఇంటికి వెళ్ళి చేట అడిగాను. పిన్ని ఎందుకని అడగలేదు. అందులో ఉన్న బియ్యం గిన్నెలోకి వంచేసి ఇచ్చింది. వెనక్కి తిప్పి తడిగుడ్డతో తుడిస్తే సీలు, నంబరు, ఏడాది తేలాయి. బీమా ఆఫీసులో చేట పట్టుకుని కూర్చుంటే, చెరగడానికి ఇక్కడ వడ్లు లేవన్నారు గుమాస్తాలు. నవ్వుతూనే ఆ నంబరు పట్టుకుని పాత రిజిస్టర్లు తిరగేశారు. నకలు దొరికింది.

అప్పుడు చెప్పాడు ఏజెంటు అసలు మెలిక. తెలియక జరిగిన నష్టానికే బీమా. గొయ్యి కారుతోందని ఎవరో చెప్పినా నాన్న ఊరుకున్నాడని తేలితే కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇక్కడ చెబితే పాపం ఎక్కడిదక్కడే ఉండి, మట్టి తవ్వకం పోతుంది.

నష్టం లెక్క చూడడానికి బీమా కంపెనీ సర్వేయరు వచ్చే ముందురోజు పిన్ని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ చేపలు తోముతోంది. ఆ బావి నీళ్ళు వాడివాడి చేతులు మోచేతుల దాకా పుండ్లు పడ్డాయి.

"పిన్నీ, రేపు ఆ గొడవ ఎత్తకు. ఎత్తితే మట్టి తియ్యరు. నీ బావి బాగుపడదు," అన్నాను.

ఆవిడ తల ఎత్తకుండా ఇంకో చేప అందుకుంది. నాకు చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది. అది ఆవిడ మీద కాదని ఇల్లు చేరాక గానీ తెలియలేదు.

సర్వేయరు విశాఖ నుంచి వచ్చాడు, మర్యాదస్థుడు. వీధిలో పాతవాళ్ళని ఒక్కొక్కరినే అడిగాడు. షెడ్డులో పనిచేసినవాళ్ళు కొందరు పోయారు, కొందరు సూరత్ వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు. చివరికి పిన్ని దగ్గర ఆగాడు.

"గొయ్యి కారుతోందని మీవారు ఎప్పుడైనా షెడ్డువాళ్ళకి చెప్పారా అమ్మా? వాళ్ళతో గొడవై కాలు విరిగిందని ఎవరో అన్నారు."

పిన్ని నా వంక చూసింది. వీధంతా వింటోంది.

"గొడవేటీ లేదు బాబూ. ఆడేటీ సెప్పలేదు. బావి కాడ జారి పడిపోనాడు," అంది.

ఆయన రాసుకున్నాడు. ఆవిడ వేలిముద్ర వేసింది.

జీపు మలుపు తిరిగాక పిన్ని నా దగ్గరికి వచ్చి చెంప పగలగొట్టింది. ఇంకో పన్ను కదిలింది. పుండు చిట్లి ఆవిడ చేతి నెత్తురు నా మొహానికి అంటింది.

"ఆడు పడిపోలేదు," అంది. "రేపో మాపో నీల్లు తేటవుతాయి. ఆ నీల్లు తాగినప్పుడల్లా నా మొగుణ్ణి నానే పడీసినట్టు తాగాల."

"ఇంకోటి కొట్టు పిన్నీ," అన్నాను.

"నీ గుండె తేలికవడానికి నానెందుకు కొట్టాల?" అని, బిందె చంకనెత్తుకుని, నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడడానికి వెళ్ళిపోయింది.