పట్టాయాలో గట్టిమేళం

మా దోస్తు ఓబులేసు పెళ్లికి పోలేదని అందరూ నన్ను తిడుతున్నారు గానీ, అదే రోజు నేనూ ఒక పెళ్లి చేసినానని ఎవరికీ తెలీదు. చెప్తా ఇనండి. నవ్వితే మాత్రం టీ మధ్యలో వదిలేసి లేచిపోతా!

గిద్దలూరులో నాది ఎరువుల దుకాణం కదా. అమ్మకాలు బాగున్నాయని కంపెనీ వాళ్లు డీలర్లను పట్టాయా టూర్ తీసుకపోయినారు. టికెట్లు చేతికొచ్చినాంక, సరిగ్గా ఆ రోజుల్లోనే ఓబులేసుకు ముహూర్తం పెట్టినారు. వాడిది రాచర్ల. చేను, గొర్రెల మంద, బంగారం లాంటి మనిషి. అయినా సేద్యం చేసేవాడికి పిల్లనెవరిస్తున్నారు? పెద్దారవీడు, బేస్తవారిపేట, కంభం... వాణ్ని బండెక్కించుకొని నేను పోని ఊరు లేదు, తినని మిక్చర్ లేదు. "కబురు చేస్తాంలే అబ్బాయా" అని పంపించడమే! అందుకే వాడు తాళి కట్టేది చూడాలని వాడికంటే నాకే ఎక్కువ ఆశ.

టూర్ మానుకుంటానంటే వాడే ఒప్పుకోలేదు. "విమానం ఎక్కేది రోజూ ఉంటాదారా? పో. వీడియో కాల్‌లో చూద్దువులే" అన్నాడు. ముహూర్తం జరుపుదామంటే తర్వాతంతా మూఢం. ఈలోపల పిల్ల నాయన మనసు మారితే? పోయినా.

పెళ్లిరోజు పొద్దున మిగతా డీలర్లంతా బోటెక్కి దీవికి పోయినారు. నేను వైఫై కోసం హోటల్లోనే ఉండిపోయినా. దెబ్బలు తగిలితే పూసుకోమని మా ఆవిడ బ్యాగులో పెట్టిన పసుపు ఉండె. వంటాయన్ని సైగలతో బతిమాలి అక్షింతలకని గుప్పెడు బియ్యం తెచ్చుకున్నా. నెయ్యి లేదు, బ్రెడ్డు కాడుండే వెన్న పూసినా. టిఫిన్ హాల్లో గ్లాసుకు ఫోన్ ఆనించి కూర్చున్నా.

అక్కడ ఫోన్ పట్టుకున్నది ఓబులేసు వాళ్ల బావ, రంగయ్య. "నేనుండంగ నీకేంది! తాళి ముడి కూడా కనపడతాది చూడు" అన్నాడు. షామియానా చూపించినాడు. ముందు వరసలో మా దోస్తులంతా కూర్చొని ఎకసెక్కాలాడుకుంటున్నారు. చుట్టూ ఏసీ, కేకులు, పండ్లు... నాకేమో ఆ ఉక్కలో వాళ్ల మధ్య ఇరుక్కొని కూర్చుంటే చాలనిపించింది. ఓబులేసు ఫోన్ వైపు చూసి, ఉన్నావా అన్నట్టు కనుబొమ్మలెగరేసినాడు. అక్షింతల పిడికిలి ఎత్తి చూపించినా.

"గట్టిమేళం! గట్టిమేళం!"

అంతే, ఫోన్ చీకటి! రంగయ్య బావ రెండు చేతులా అక్షింతలు ఏయాలి కదా, ఫోన్‌ను జోబీలో దోపేసినాడు!

"బావా! బయటికి తీయి బావా!" అని అరుస్తా ఉన్నా. ఎవరింటారు? డోలు మోత తప్ప ఏమీ లేదు. వాడు అక్కడ తాళి కట్టేస్తున్నాడు! ఇంక ఆగలేక లేచి నిలబడి, కళ్లు మూసుకొని, దేవుణ్ని తల్చుకొని గుప్పెడూ ఇసిరేసినా.

కళ్లు తెరిస్తే ఎదురు టేబుల్ కాడ తెల్లోళ్లు, ముసలి మొగుడూ పెళ్లాం. నెత్తిన, ఒళ్లో, సూపులో అంతా పచ్చ బియ్యమే! పరిగెత్తుకొచ్చిన వెయిటరమ్మకు చెప్దామని మెళ్లో తాళి కట్టినట్టు సైగ చేసినా. మూడు ముళ్లూ వేసి చూపించినా. ఆమె నన్ను చూసింది, బియ్యంతో మెరిసిపోతున్న వాళ్లిద్దరినీ చూసింది, చప్పట్లు మొదలుపెట్టింది! హాలంతా చప్పట్లు! కేకు కూడా వచ్చింది! ముసలాయన ముందు బిత్తరపోయినాడు గానీ, తర్వాత ఆమె చెయ్యి పట్టుకొని ముద్దు పెట్టినాడు. ఆమె ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నా. నా ఏడుపు రాచర్ల కోసమని వాళ్లకేం తెలుసు! వీపు నిమిరి కేకు తినిపించినారు.

సాయంత్రం ఓబులేసు ఫోన్ చేసినాడు. "తాళి కట్టేది బాగా కనపడిందా రా?"

"బ్రహ్మాండంగా కనపడింది" అన్నా. ఇంకేం చెప్పేది?

ఏండ్ల తరబడి తిరిగి తిరిగి కుదిర్చిన పెళ్లిలో నా చేతి గింజ ఒక్కటి పడలేదు. పేరన్నా తెలీని ముసలోళ్లకు మాత్రం దగ్గరుండి రెండో పెళ్లి చేసొచ్చినా!